స్విచ్ వేసిన రోజు ఏమీ జరగలేదు

"మెడ వంకరకి తల ఆపరేషన్ ఏంట్రా?" అని మా మేనమామ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. కానీ అది ఫోన్‌లో పది నిమిషాల్లో తేలే సంగతి కాదు. మెడ వంకరకని మా అక్కకి మెదడులో చేయించిన ఆ ఆపరేషన్ గురించి నెలకి ఒకరైనా నా నంబరు కనుక్కుని మరీ అడుగుతున్నారు (మొన్న తెనాలి నుంచి ఒకాయన, వాళ్లావిడ కోసం). అందుకే ఒక్కసారి కూర్చుని మొత్తం రాసి పెట్టేస్తున్నా. నేను డాక్టర్ని కాను, విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసుకునేవాణ్ణి. మా అక్క వెనకాల ఫైలు పట్టుకుని తిరగడం వల్ల వచ్చిన చదువే ఇదంతా.

అక్క గుంటూరు బ్రాడీపేటలో జాకెట్లు కుడుతుంది. పాతికేళ్ల నుంచీ అదే పని. 2016 శ్రావణమాసంలో, అంటే సరిగ్గా ఊపిరాడనంత పని ఉండే రోజుల్లో, సూదిలో దారం ఎక్కడం మానేసింది. సూది బెజ్జం కనిపిస్తోంది, దారం కొసా కనిపిస్తోంది, తీరా రెండూ దగ్గరికొచ్చే సమయానికి తల దానంతటదే ఎడమవైపు జారిపోతోంది. చూపు తగ్గిందనుకుని అద్దాలు మార్పించుకుంది. బావేమో "నలభై మూడేళ్లొచ్చాయి, ఇక అంతే" అని నవ్వాడు. రెండు నెలలకి ఎదురుగా నిలబడి కొలతలిచ్చే ఆడవాళ్లు "ఏంటండీ, మేం మాట్లాడుతుంటే అటెటో చూస్తున్నారు?" అనడం మొదలుపెట్టారు. ఒకావిడైతే పొగరనుకుని కుట్టించుకోవడమే మానేసింది.

అక్క ఎవరికీ చెప్పకుండా చిన్న చిన్న ఉపాయాలు కనిపెట్టుకుంది. బస్సెక్కితే ఎడమపక్క కిటికీ సీటే కావాలి, ఎందుకంటే తల ఎటూ ఎడమకే తిరుగుతుంది కాబట్టి బయటికి చూస్తున్నట్టుంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు. పెళ్లిళ్లలో కుడి చివర కుర్చీ. అన్నిటికన్నా వింతైనది టేపు. మెడలో ఎప్పుడూ వేలాడే కొలతల టేపు కొసని, ఆ ఇత్తడి ముక్క ఉండే చోట, రెండు వేళ్లతో పట్టుకుని గడ్డానికి అలా ఆనించేది. నొక్కేది కాదు, ఊరికే తాకించేది. అంతే, తల మెల్లగా మధ్యకొచ్చి నిలబడేది. తీస్తే మళ్లీ అటే. ఇంట్లో అందరం చూశాం, అదొక అలవాటనుకున్నాం. మూడేళ్ల తర్వాత తెలిసింది, జబ్బు పేరు చెప్పే గుర్తు ఆ రెండు వేళ్లలోనే ఉందని.

ఆ మూడేళ్ల గురించి ఎక్కువ రాయబుద్ధి కావట్లేదు కానీ రాయకపోతే ఇంకొకరు అదే దారిలో పడతారు. మొదట ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి స్పాండిలోసిస్ అన్నారు. నలభై దాటినవాళ్లలో చాలామందికి మెడ ఎక్స్‌రే తీస్తే అంతో ఇంతో అరుగుదల కనిపిస్తుందని తర్వాత తెలిసింది. కాలర్ ఇచ్చారు. తల తిరగాలనుకుంటుంది, కాలర్ ఆపాలనుకుంటుంది, మధ్యలో దవడ కింద పుండు పడింది. తర్వాత ట్రాక్షన్, అంటే బరువు కట్టి మెడని లాగడం. తర్వాత ఫిజియోథెరపీ సెంటర్‌లో డయాథర్మీ, అదే మెడ మీద మెత్తలు పెట్టి కరెంటుతో లోపల వేడి పుట్టిస్తారే, అది నెలకి పదిహేను రోజులు. (ఈ డయాథర్మీ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.) మెడ కుడిపక్క కండ తాడులా ఉబ్బితే గడ్డేమోనని థైరాయిడ్ పరీక్షలు. మెదడుకి, మెడకి ఎమ్మారై తీస్తే రెండూ నార్మల్. నార్మల్ అని రావడమే మా కొంప ముంచింది. "రిపోర్టులన్నీ బాగున్నాయి, ఈవిడకి టెన్షన్ తప్ప ఏమీ లేదు" అని ఒక పెద్దాయన తేల్చేశారు. పైగా దానికి రుజువు కూడా చూపించారు: "నిద్రపోయినప్పుడు మెడ తిన్నగానే ఉంటుందిగా? నలుగురిలోకి వెళ్తే ఎక్కువవుతుందిగా? అంటే మనసులోనే ఉంది."

విన్నవాళ్లకి అది సబబుగానే తోస్తుంది. అమ్మకి తోచింది కూడా. శ్రీకాళహస్తి తీసుకెళ్లి రాహుకేతు పూజ చేయించింది, ఇంటికొచ్చాక దిష్టి తీసింది. ఎవరో మంగలి షాపులో మెడ విరిపిస్తే సర్దుకుంటుందన్నారు. దానికి మాత్రం అక్క ఒప్పుకోలేదు, ఆ ఒక్క మొండితనానికి ఇప్పటికీ దణ్ణం పెడతా.

2019లో ఒక కుర్ర న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. లోపలికెళ్లాక ఫైలు తెరవనే లేదు. అక్క నడిచి రావడం చూశాడు, కూర్చున్నాక కళ్లు మూసుకోమన్నాడు, తలని దాని ఇష్టానికి వదిలేయమన్నాడు. అది వెళ్లి వెళ్లి ఎడమ భుజం మీదకి చేరి, అక్కడ సన్నగా వణుకుతూ నిలబడింది. "అమ్మా, ఇది తిన్నగా కావడానికి మీరేమన్నా చేస్తారా, ఎక్కడన్నా ముట్టుకోవడం లాంటిది?" అన్నాడు. అక్క సిగ్గుపడుతూ టేపు లేదు కాబట్టి వేళ్లే ఆనించింది. ఆయన నవ్వాడు. "సర్వైకల్ డిస్టోనియా. మనసు జబ్బు కాదు. మెదడులో కదలికల లెక్క చూసే చోట వచ్చిన తేడా. ఈ వేళ్లు ఆనించడాన్ని సెన్సరీ ట్రిక్ అంటాం. ఈ జబ్బున్నవాళ్లలో చాలామంది ఎవరూ చెప్పకుండానే దీన్ని కనిపెట్టుకుంటారు." అక్క ఆ గదిలోనే ఏడ్చింది. జబ్బుందని చెబితే సంతోషంతో ఏడ్చిన మనిషిని నేను అప్పుడే చూశా.

ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపితే విషయం ఇది. మన మెడ ఎడమకి తిరగాలంటే ముఖ్యంగా లాగేది కుడి ముందు కండ, చెవి వెనక నుంచి ఛాతీ ఎముకకి దిగేది. దానికి తోడు ఎడమ వెనక కండ. అక్క కుడి కండ తాడులా ఉబ్బింది అందుకే, రోజుకి పదహారు గంటలు కసరత్తు చేస్తోంది మరి. కండలో తప్పు లేదు, ఎముకలో తప్పు లేదు, నరం నలగలేదు. ఒక కండ లాగినప్పుడు దాని ఎదురు కండని వదులు చేయమని చెప్పాల్సిన పెత్తనం మెదడు లోతుల్లో బేసల్ గ్యాంగ్లియా అనే ముద్దల్లో ఉంటుంది. అక్కడి నుంచి తప్పుడు తాఖీదులు వస్తుంటాయి. ఎమ్మారైలో కనిపించేది ఆకారం, తాళం తప్పడం కాదు, అందుకే నార్మల్. నిద్రలో ఆ తాఖీదులు ఆగుతాయి, టెన్షన్‌లో పెరుగుతాయి, పార్కిన్సన్స్ వణుకూ అంతే కదా, దాన్నెవరూ మనసు జబ్బనరు. డిస్టోనియా అనే పేరు 1911లో హెర్మన్ ఒప్పెన్‌హైమ్ అనే జర్మన్ డాక్టరు పెట్టాడు, అది శరీరం జబ్బేనని ఆయన అప్పుడే అన్నాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు దీన్ని మనసు ఖాతాలో వేసి రోగుల్ని తిప్పి పంపారు. మా అక్కకి 2018లో తగిలింది ఆ పాత వాసనే.

రక్తంలో రాగి పరీక్షలు (ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్స్ జబ్బు కాదని తేల్చడానికి), ఇంతకుముందు వాంతులకో, మానసిక సమస్యలకో ఏమన్నా మాత్రలు వాడారా అన్న ఆరా, అన్నీ అయ్యాక మందులు మొదలయ్యాయి. ట్రైహెక్సీఫెనిడిల్, క్లోనజెపామ్. నోరు ఎండిపోయేది, చూపు మసక, పగలంతా మగత. దారం ఎక్కించలేక వెళ్లినావిడకి చూపు మసకబారే మందు. మూడు నెలల్లో దాదాపు ఆపేశారు.

తర్వాత బొటాక్స్. మొహం ముడతలకి వేస్తారనుకునేదే, కానీ మెడకి దీన్ని అమెరికాలో 2000లోనే అనుమతించారు, మెడ డిస్టోనియాకి ముందుగా చేసే వైద్యం ఇదే. నరం చివర నుంచి కండకి వెళ్లే సందేశాన్ని ఆ బొటులినం విషం కొన్ని వారాలు అడ్డుకుంటుంది. ఏ కండలో ఎంత వేయాలన్నదే విద్యంతా. మొదటి మూడు విడతలు అద్భుతం. పది రోజులకి మెడ వదులైపోయి అక్క పాత రోజుల్లోలా పాటలు వింటూ కుట్టుకునేది. పన్నెండు వారాలకి దిగిపోయేది, మళ్లీ ముప్పై వేలకి దగ్గర. ఒకసారి మింగే కండలకి పాకి రెండు వారాలు పెరుగన్నం మెత్తగా పిసుక్కుని తింది. 2020 లాక్‌డౌన్‌లో రెండు విడతలు పోయాయి, ఆ ఆరు నెలలు ఆవిడ పడిన నొప్పి చూస్తే తెలిసింది ఇంజెక్షన్ ఎంత పని చేస్తోందో. కానీ 2021 చివరికొచ్చేసరికి వేసినా సగమే. కొందరిలో ఒంట్లో ఆ విషానికి విరుగుడు తయారవుతుంది, కొందరిలో జబ్బే కొత్త కండల్లోకి పాకుతుంది. అక్కకి రెండోది అన్నారు. తల ఎడమకి తిరగడంతో పాటు వెనక్కి కూడా వాలడం మొదలైంది. మిషను మీద సూది చూడాలంటే మెడ వంచాలి కదా, అది వెనక్కి లాగుతుంటే? మిషన్ని నాలుగు ఇటుకల మీదకి ఎత్తి కుట్టింది కొన్నాళ్లు. నిజంగా, నాలుగు ఇటుకలు.

ఆపరేషన్ మాట అప్పుడొచ్చింది. డీబీఎస్, డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. మెదడులో తీగలు పెట్టి ఛాతీలో బ్యాటరీ పెడతారు. అమ్మ "మెడ వంకరగా ఉన్నా బతికుంటే చాలు" అంది. బావ మూడు రోజులు మాట్లాడలేదు. నేను రాత్రంతా వీడియోలు చూశా. అక్కడే పప్పులో కాలేశా. ఎందుకంటే ఆ వీడియోలన్నీ వణుకు జబ్బువి. చెయ్యి గడగడ వణికే పెద్దాయన, డాక్టరు రిమోట్ నొక్కుతాడు, చెయ్యి టక్కున ఆగుతుంది, ఆయన గ్లాసెత్తి నీళ్లు తాగుతాడు, అందరూ చప్పట్లు. అది నిజమే, అబద్ధం కాదు. కానీ మెడకి అలా జరగదు. ఇది నాకు ముందే గట్టిగా ఎవరన్నా చెప్పి ఉంటే మా ఇంట్లో ఆ తర్వాతి నాలుగు నెలలు అంత ఘోరంగా గడిచేవి కావు. అసలు ఇదంతా రాస్తున్నది ముఖ్యంగా ఈ ఒక్క ముక్క కోసమే.

హైదరాబాదులో చూపించుకున్నాం. (నిమ్స్‌లో కూడా ఈ ఆపరేషన్లు చేస్తారు. మేం వెళ్లింది ఇంకోచోట, పేరు అనవసరం.) అక్కడి సర్జన్ మాతో గంటసేపు మాట్లాడాడు, బొమ్మలు గీసి. పూర్వం ఇలాంటి జబ్బులకి మెదడులో ఆ చోటుని కాల్చేసేవాళ్లట, కాల్చింది మళ్లీ రాదు, రెండు వైపులా కాలిస్తే మాట పోయే ప్రమాదం. కాల్చకుండా కరెంటుతోనే దారికి తేవచ్చని 1987లో ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లో ఆలిమ్ లూయీ బెనబీద్ వణుకు రోగుల మీద చూపించాడు. మెడ డిస్టోనియాకి లోపలి పాలిడమ్‌లో, అంటే ఆ బేసల్ గ్యాంగ్లియాలోని ఒక ముద్దలో, రెండు వైపులా తీగలు పెట్టిన ఫలితాలు 1999లో బయటికొచ్చాయి. అమెరికాలో డిస్టోనియాకి 2003లో అనుమతి వచ్చింది. ఇవన్నీ నాకెందుకు అనుకోకండి, "ఇది కొత్త ప్రయోగమేమో" అన్న బావకి నేను చెప్పిన సమాధానం ఇదే.

ఇంకోటి కూడా ఆ సర్జనే చెప్పాడు, నిజాయితీగా. జర్మనీ, ఆస్ట్రియా, నార్వేల్లో మందులకీ, ఇంజెక్షన్లకీ లొంగని మెడ డిస్టోనియా వాళ్లు 62 మందికి ఆపరేషన్ చేసి, అందరికీ తీగలు పెట్టి, సగం మందికి మాత్రమే కరెంటు ఇచ్చారు. ఎవరికి ఇచ్చారో రోగికీ తెలియదు, మార్కులు వేసేవాళ్లకీ తెలియదు. మూడు నెలలకి చూస్తే వంకర తీవ్రత కరెంటున్నవాళ్లలో సగటున 26 శాతం తగ్గింది, లేనివాళ్లలో 6 శాతం. 2014లో అచ్చయింది. "ఇరవయ్యారేనా?" అన్నా నేను. "మూడు నెలలకి. డిస్టోనియాలో తర్వాత కూడా తగ్గుతూ పోతుంది. కానీ వంద శాతం అని నేను రాసివ్వను" అన్నాడు. ఏళ్ల తరబడి ఒకే వంకరలో బిగుసుకుపోయి ఎముకలు, కండలు గట్టిపడినవాళ్లకి ఇది అంతగా పని చేయదట, అక్క మెడ చేత్తో తిప్పితే ఇంకా తిరుగుతోంది కాబట్టి సరిపోతుందన్నాడు. మెదడులో రక్తస్రావం నూటికి ఒకరిద్దరికి, ఇన్ఫెక్షన్ అంతకన్నా ఎక్కువ, తీగ తెగడం కూడా మెడ జబ్బుల్లో ఉండేదే, మెడ ఊరికే ఉండదు కదా. ఖర్చు పది లక్షలు దాటింది. మంగళగిరి దగ్గర అమ్మ పేరున ఉన్న చిన్న స్థలం పోయింది. దాని గురించి ఇక్కడ ఇంతే.

ఆపరేషన్ ముందురోజు జరిగింది మాత్రం చెప్పాలి. బ్యాటరీ కాలర్ ఎముక కింద పెడతామని సర్జన్ వేలితో చూపిస్తే అక్క "ఒక్క నిమిషం సార్" అని సంచిలోంచి టైలర్ చాక్ తీసింది. ఆసుపత్రికి చాక్ ఎందుకు తెచ్చావే అంటే, ఏమో ఉందిలే అంది. గౌను మీదే గీసి చూపించింది. "ఇదిగోండి, జాకెట్ భుజం కుట్టు ఇక్కడ పడుతుంది. లోపల పట్టీ ఇలా దిగుతుంది. మీరు చూపించిన చోట పెడితే పట్టీ రోజంతా దాని అంచు మీదే రాసుకుంటుంది. రెండు వేళ్లు కిందకీ, ఒక వేలు ఈ పక్కకీ జరపండి. జాకెట్ మెడ కూడా నాలుగంగుళాల లోతుకి మించి నేను వేసుకోను, గాటు కనిపించదు." ఆయన ఆ గీతల్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. అక్కడే పెట్టాడు కూడా. తర్వాత ఇంకో పేషెంటుకి కూడా ఆడవాళ్ల జాకెట్ కుట్టు ఎక్కడ పడుతుందో అడిగి పెట్టానని చెప్పాడట, అక్క ఆ సంగతి ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

2022 నవంబరులో చేశారు. పార్కిన్సన్స్ వాళ్లకి చాలాచోట్ల మెలకువగా ఉంచి చేస్తారు కానీ అక్క తల నిలవదు కాబట్టి మత్తిచ్చే చేశారు. పుర్రెకి ఇనుప చట్రం బిగించి, దానితోనే సీటీ తీసి, పాత ఎమ్మారై మీద దాన్ని కంప్యూటర్‌లో పరిచి కొలతలు తీస్తారు. ఎక్కడ ఎంత లోతు అన్నది మిల్లీమీటర్లలో. ఒక్కో పక్కన చిన్న రంధ్రం, ఒకటింపావు మిల్లీమీటరు మందం తీగ, చివర నాలుగు చిన్న కరెంటు పట్టీలు. అక్కడి నుంచి చర్మం కింద చెవి వెనకగా మెడ మీదుగా ఛాతీలోకి. కొలతలతో చేసే పని కాబట్టి అక్కకి అర్థమైనంతగా మా ఎవరికీ అర్థం కాలేదు, "మన కటింగ్ లాంటిదేరా, ముందు కొలత తప్పితే తర్వాత ఏం చేసినా జాకెట్ పట్టదు" అంది.

మూడో రోజు పొద్దున నేను టీ తీసుకుని వెళ్లేసరికి తల తిన్నగా ఉంది. కరెంటు ఇంకా ఇవ్వలేదు! అమ్మకి ఫోన్ చేశా, అమ్మ కాలనీ అంతా చెప్పేసింది. వారం తిరిగేసరికి మళ్లీ ఎడమకి వెళ్లిపోయింది. తీగ దిగినప్పుడు అక్కడ కొంచెం వాపొస్తుంది, దాంతో కొన్నాళ్లు జబ్బు తగ్గినట్టుంటుంది, వాపు పోతే తిరిగొస్తుంది, ఇది మామూలే అన్నారు. మామూలే అయితే ఆ మూడో రోజే చెప్పొచ్చుగా. కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

నాలుగో వారం స్విచ్ వేశారు. నేను సెలవు పెట్టి వెళ్లా, బావ వచ్చాడు, ఫోన్ కెమెరా ఆన్ చేసి పెట్టుకున్నా, ఆ చప్పట్ల వీడియోలు మనసులో ఉన్నాయి కదా. డాక్టరమ్మ ట్యాబ్ పట్టుకుని ఒక్కో పట్టీకి ఒక్కో మెట్టు కరెంటు పెంచుతూ "మెరుపులేమన్నా కనిపిస్తున్నాయా అమ్మా?" అని అడుగుతోంది. ఆ చోటుకి సరిగ్గా కిందే చూపు నరాల దారి ఉంటుందట, కింది పట్టీకి కరెంటు ఎక్కువైతే కళ్లముందు మెరుస్తుంది. ఒకచోట అక్క "ఆ, మిషన్ లైటు కొట్టుకున్నట్టు" అంది. ఒక మెట్టు తగ్గించింది. ఇంకోచోట మాట ముద్దగా వచ్చింది, అదీ తగ్గించింది. కరెంటు సెకనుకి 130 సార్లు తట్టాలని చివరికి ఖాయం చేసి, "అయిపోయింది, మూడు వారాల తర్వాత రండి" అంది.

తల ఎడమకే ఉంది. నా ఫోన్‌లో నలభై నిమిషాల వీడియో ఉంది, ఏమీ జరగని వీడియో.

వెనక్కొచ్చేటప్పుడు బస్సులో ఎవరం మాట్లాడలేదు. సూర్యాపేటలో ఆగితే అక్క దిగలేదు. ఆ సంక్రాంతికి ఇంట్లో పిండివంటలు చేశారు కానీ ఎవరికీ నోట్లోకి పోలేదు. స్థలం పోయింది, గుండు గీయించుకుంది, ఛాతీలో అగ్గిపెట్టెంత డబ్బా ఉంది, మెడ అలాగే ఉంది. అమ్మ నన్నొక మాట అంది, ఇక్కడ రాయను.

మొదట ఆగింది వణుకు. ఫిబ్రవరిలో ఎప్పుడో, ఏ రోజో కూడా తెలియదు, కాజాలు కుడుతూ తల అదరడం లేదని గమనించింది. వంకర మాత్రం ఉంది. ఇలాగే జరుగుతుందట: అదిరే కదలికలు రోజుల్లో, వారాల్లో తగ్గుతాయి, బిగిసి నిలబడిపోయే వంకర నెలల తరబడి వదులుతుంది, ఎందుకంటే ఏళ్లుగా తప్పుడు పాఠం నేర్చుకున్న మెదడు దాన్ని మర్చిపోవాలి. మధ్యలో నాలుగుసార్లు వెళ్లి సెట్టింగులు మార్పించాం. ఒకసారి కరెంటు ఎక్కువై అడుగులు చిన్నవైపోయాయి, రాత గీతలు కుంచించుకుపోయాయి, కొలతల పుస్తకంలో అంకెలు చీమల్లా ఉన్నాయి. తగ్గిస్తే సరిపోయింది. మే నెలలో మిషన్ కింద ఇటుకలు రెండు తీసేసింది. జులైలో మిగతా రెండూ. వంకర తీవ్రతకి టొరంటో స్కేలని 35 మార్కుల లెక్క ఒకటుంది, ఎంత ఎక్కువైతే అంత చెడ్డ. ఆపరేషన్‌కి ముందు 24, ఏడాదికి 9. అలసిపోతే ఇంకా కొంచెం ఎడమకి జారుతుంది. నొప్పి మాత్రం దాదాపు లేదు, అదే చాలంటుంది.

ఇప్పుడు ఆ డయాథర్మీ సంగతి. డీబీఎస్ ఉన్నవాళ్లకి ఒంట్లో ఎక్కడా డయాథర్మీ పెట్టకూడదు, మోకాలికైనా సరే. ఆ శక్తి తీగల గుండా లోపలికెళ్లి మెదడుని కాల్చేస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మన ఊళ్లలో మెడనొప్పి, నడుంనొప్పి అని గడప తొక్కితే ముందు పెట్టేది అదేగా. అక్క మూడేళ్లు తీసుకున్నది అదే వైద్యం. బ్యాటరీ కార్డు పర్సులో ఉంటుంది, అయినా సరే నోటితో కూడా ముందే చెప్పాలి. ఎమ్మారై కూడా అడక్కుండా తీయించకూడదు, ఏ మోడల్‌కి ఏ మెషిన్ సరిపోతుందో డీబీఎస్ చూసే డాక్టర్లే చెప్పాలి. గుండుసూదులు అంటుకునే అయస్కాంతం ఒకటి అక్క మెడలో గొలుసులా వేసుకునేది, దాన్ని మిషన్ పక్కన గోడకి తగిలించేసింది. దుర్గగుడికెళ్తే మెటల్ డిటెక్టర్ దగ్గర కార్డు చూపించి పక్కనుంచి వెళ్తుంది, మొదటిసారి ఆ కానిస్టేబులమ్మాయి "మెదడులో బ్యాటరీనా?" అని మరీ కంగారుపడి నలుగుర్ని పిలిచింది.

అక్కది ఛార్జింగ్ రకం. వారానికోసారి పట్టీ భుజాన వేసుకుని గంట కూర్చోవాలి, సీరియల్ టైముకి పెట్టుకుంటుంది. 2024 సంక్రాంతికి ఊరెళ్తూ ఛార్జర్ మర్చిపోయింది. కనుమ నాటి సాయంత్రానికి తల ఎడమకి లాగడం మొదలైంది, రాత్రికి పాత అక్క కూర్చుని ఉంది మా ముందు, వేళ్లు గడ్డానికి ఆనించుకుని. బావ రాత్రికి రాత్రి కారేసుకుని గుంటూరు వెళ్లి తెచ్చాడు. స్విచ్ వేసిన రోజు ఏమీ జరగలేదని బాధపడిన మాకు, అది లోపల ఎంత పని చేస్తోందో ఆ రాత్రి కనిపించింది. అమ్మ ఆ తర్వాత నాతో మామూలుగా మాట్లాడింది.

తెనాలి ఆయనకి నేను చెప్పింది కూడా ఇదే: ముందు కదలికల జబ్బులు చూసే న్యూరాలజిస్టుకి చూపించండి, ఇంజెక్షన్లు సరైన కండల్లో సరిగ్గా పడ్డాయో లేదో చూడకుండా ఆపరేషన్ దాకా వెళ్లకండి, వెళ్తే మాత్రం స్విచ్ వేసే రోజు కెమెరా పట్టుకెళ్లకండి.

వచ్చే నెల మళ్లీ చెకప్. నిన్న ఇంద్ర బస్సు బుక్ చేస్తూ సీట్ల బొమ్మ ఫోన్‌లో అక్కకి చూపించా. ఎడమ కిటికీలు రెండు ఖాళీగా ఉన్నాయి, వేలు అటే పెట్టి "ఇదేగా?" అన్నా.

"ఎండ ఎటు పడుతుందో చూడరా ముందు," అంది.